“మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు”: ఐపీసీ 289, 338 సెక్షన్ల కింద ఒక కేసు పూర్వాపరాలు

ఈ కేసులో నేను బాధితురాలి తరఫు న్యాయవాదిని. 2022 వేసవిలో గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో, ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో జరిగింది. కింది కోర్టు తీర్పు వచ్చింది, అప్పీలు కూడా తేలింది. మనుషుల పేర్లు, ఊరి పేరు, కేసు నంబరు ఇవ్వను. పెంపుడు కుక్క కరిచిన కేసు పట్టుకుని ఎవరు వచ్చినా ఎక్కడ జాగ్రత్తపడాలో ఇందులో చాలావరకు కనిపిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆమె ఇళ్లలో పనిచేసుకుని బతికే మనిషి. ఆ రోజు ఆదివారం. ఎదురు ఫ్లాటు వాళ్లు తెమ్మన్న చేపలు సంచిలో పట్టుకుని లిఫ్టు దిగింది. ముద్దాయి ఫ్లాటు తలుపు తెరిచి ఉంది. మూడేళ్ల రాట్‌వీలర్ కారిడార్‌లోకి వచ్చింది. మెడకు పట్టీ లేదు, మూతికి బుట్ట లేదు. ముందు ఎడమ చేతిని పట్టింది, ఆమె వెనక్కి పడ్డాక చెంప మీద కరిచింది. వాచ్‌మన్, ముద్దాయి ఇంట్లో పనిచేసే కుర్రాడు కలిసి లాగితే వదిలింది. ముంజేతి ఎముక విరిగింది, చెంప చీలింది. దగ్గరలోని ప్రైవేటు క్లినిక్‌లో కుట్లు వేసి పంపేస్తే, సాయంత్రానికి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి చేరింది. చర్మం చీలిన కాటు కాబట్టి అక్కడ యాంటీ రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. ఆ టీకాల చీటీలను దాచుకోమని ఆమెకు మొదటి రోజే చెప్పాను. తర్వాత తేదీల దగ్గర తగాదా వచ్చినప్పుడు ఆ చీటీలే మాట్లాడాయి.

స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఐపీసీ (అప్పటి భారతీయ శిక్షాస్మృతి) 289, 337 (నిర్లక్ష్యపు పనితో మామూలు గాయం చేయడం) కింద కట్టారు. రెండూ ఆరు నెలలకు మించి శిక్ష లేనివి, రెండూ బెయిలబుల్. ముద్దాయి కాంట్రాక్టరు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. 41-ఏ నోటీసు (అరెస్టు చేయకుండా పోలీసుల ముందుకు రమ్మనేది) తీసుకుని ఇంటికెళ్లాడు. వారం లోపే పెద్దమనుషులు ఆమె గుమ్మంలో ఉన్నారు. “పదివేలిస్తారు, మందులకు సరిపోతాయి. కుక్క మీద కేసేంటమ్మా, నవ్వుతారు” అన్నారట. ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగిన మొదటి మాట కూడా అదే: “కుక్క మీద కేసు నిలబడుతుందా అండీ?”

కేసు కుక్క మీద కాదు. ఐపీసీ 289 చెప్పేది ఇది: తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ప్రమాదం రావడానికి అవకాశం ఉన్నప్పుడు, అది జరగకుండా తగినంత జాగ్రత్త తీసుకోవడం తెలిసి మానేసినా, నిర్లక్ష్యంతో మానేసినా నేరం. ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘స్వాధీనం’ అన్న మాటను ముందే అండర్‌లైన్ చేసుకోవాలి. చట్టం యజమాని అనలేదు. మా కేసులో టీకా పుస్తకం ముద్దాయి కొడుకు పేరు మీద ఉంది, కొడుకు బెంగళూరులో ఉద్యోగం. “కుక్క మాది కాదు, మావాడిది” అన్నది డిఫెన్సు మొదటి అస్త్రం. రోజూ తిండి పెట్టేది, వాకింగుకు తీసుకెళ్లేది, ఎవరింట్లో రాత్రి పడుకుంటుందో ఆ ఇంటిని నడిపేది ముద్దాయే. వాచ్‌మన్ సాక్ష్యంతో ఆ సంగతి తేలిపోయింది.

సెక్షన్ల దగ్గరే సగం కేసు

289, 337తోనే చార్జిషీటు వెళ్లి ఉంటే ఈ కేసు విచారణ దాకా వచ్చేదే కాదు. కారణం కాలపరిమితి. సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) 468 ప్రకారం ఏడాదికి మించి శిక్ష లేని నేరాలను కోర్టు ఏడాదిలోపే కాగ్నిజెన్స్‌లోకి, అంటే విచారణకు, తీసుకోవాలి. ఆసుపత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం) రావడం ఆలస్యమైంది, దర్యాప్తు అధికారి బదిలీ అయ్యారు, చార్జిషీటు పడేసరికి 2023 ఆగస్టు. అప్పటికి ఏడాది దాటి మూడు నెలలు.

అందుకే మొదటి నెలలోనే ఎక్స్‌రే రిపోర్టు, కేస్ షీటు నకళ్లు తీసుకుని స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇచ్చాం. ఐపీసీ 320లో తీవ్రమైన గాయాల జాబితా ఉంది. ఎముక విరగడం అందులో ఏడోది, ముఖం శాశ్వతంగా వికృతం కావడం ఆరోది. రెండూ ఈమెకు వర్తిస్తాయి. సెక్షన్ 337ను 338గా (నిర్లక్ష్యపు పనితో తీవ్రమైన గాయం చేయడం) మారుస్తూ పోలీసులు కోర్టులో ఆల్టరేషన్ మెమో వేశారు. 338కి శిక్ష రెండేళ్లు, కాబట్టి కాలపరిమితి మూడేళ్లు. కలిపి విచారించదగిన నేరాలు ఉంటే వాటిలో ఎక్కువ శిక్ష ఉన్నదాన్ని బట్టి గడువు లెక్కపెట్టాలని 468(3) చెబుతుంది, దాంతో 289 కూడా నిలిచింది. విచారణ లేకుండానే వదిలేయమంటూ డిఫెన్సు వేసిన డిశ్చార్జి పిటిషన్ ఈ ఒక్క అంశం మీదే నడిచి కొట్టుడుపోయింది.

డిఫెన్సు న్యాయవాది సీనియరు, చురుకైన మనిషి. 338 మీద ఆయన వేసిన రెండు ప్రశ్నలూ నిజంగా ఆలోచించాల్సినవి. మొదటిది, ఎముక విరిగింది పడటం వల్ల, కాటు వల్ల కాదు. డాక్టరును క్రాస్‌లో (ఎదుటి పక్షం ప్రశ్నించేటప్పుడు) అడిగితే, ఆ విరుపు పడటం వల్ల కూడా వచ్చే వీలుందని ఒప్పుకున్నారు. ప్రభుత్వం తరఫు న్యాయవాది ఏపీపీ గారు తిరిగి ప్రశ్నించేటప్పుడు (రీ-ఎగ్జామినేషన్‌లో) ఒకే మాట అడిగారు: మీద కుక్క దూకితే మనిషి పడే అవకాశం ఉందా? ఉందన్నారు. చెంప మచ్చ మీదా ఇలాంటి వాదనే చేశారు, అది కుట్ల మచ్చ అని. కాటు లేకపోతే కుట్లెందుకు అన్న దానికి జవాబు రాలేదు.

రెండోది ఇంకా లోతైనది. 338 ‘దుడుకుగా గానీ నిర్లక్ష్యంగా గానీ చేసిన పని’ గురించి మాట్లాడుతుంది. ముద్దాయి ఏ పనీ చేయలేదు, ఆ సమయంలో పేపరు చదువుకుంటున్నాడు, చేయకపోవడం పని ఎలా అవుతుంది అన్నది ప్రశ్న. జవాబు ఐపీసీ 32లో ఉంది: చట్టవిరుద్ధంగా ఒక పని చేయకుండా మానేయడం కూడా పని కిందికే వస్తుంది. మానేయడాన్ని చట్టవిరుద్ధం చేస్తున్నది ఏది? 289. జంతువును అదుపులో పెట్టకపోవడాన్నే అది నేరంగా చెబుతోంది. చిన్న శిక్ష ఉన్న సెక్షనని పోలీసులూ, ఒక్కోసారి మనమూ తేలిగ్గా తీసుకునే 289 మీదే 338 నిలబడి ఉంది. అందుకే కుక్కకాటు కేసులో 338 ఉంది కదా అని 289ని వదిలేయకూడదు.

తెలుసా, తెలియదా

ఈ కేసంతా నిజానికి ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ కుక్క మనుషుల మీదికి వస్తుందని ముద్దాయికి ముందే తెలుసా? తెలియకపోతే ‘ప్రమాదానికి అవకాశం ఉంది’ అన్న మాటకు బలం లేదు. “మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు” అని, కోర్టు ముద్దాయినే ప్రశ్నించే 313 విచారణలో అతను చెప్పిన మాట, ఇంతకుముందు ఒక్క సంఘటన కూడా రికార్డులో లేకపోతే, బాగానే పనిచేసేది.

దానికి రికార్డులోకి వచ్చినవి మూడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మొదటిది. సంఘటనకు మూడు నెలల ముందు రెండో అంతస్తు ఆవిడ, సైకిలు తొక్కుతున్న తన పిల్లాడి మీదికి కుక్క దూకిందని రాసింది. ముద్దాయి జవాబు: “సారీ అండీ, ఇకమీద గొలుసు వేసే బయటికి తెస్తాం.” ఒప్పుకోలు ఇంతకంటే స్పష్టంగా దొరకడం అరుదు. కానీ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి కోర్టులో పెడితే అది కాగితం ముక్కే. సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన అన్వర్ తీర్పు, 2020లో ఇచ్చిన అర్జున్ పండిత్‌రావు తీర్పు తర్వాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ (ఆ ప్రింటు ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం) లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటు చెల్లదు. అసోసియేషన్ సెక్రటరీ ఇరుగుపొరుగు మొహమాటంతో మొదట వెనకాడారు. ఆయన భార్య నచ్చజెప్పాక తన ఫోన్‌లోని సందేశాలకు తానే సర్టిఫికెట్ ఇచ్చారు, సాక్షిగా బోనులోకీ వచ్చారు. ఇలాంటి కేసుల్లో గ్రూపులోంచి సందేశాలు మాయం కాకముందే, అంటే మొదటి వారంలోనే, ఈ పని కావాలి.

పశువైద్యుడి దగ్గరి చికిత్స కార్డు రెండోది. అందులో, పట్టుకునే ముందు మూతికి బుట్ట కట్టాలని ఆయన స్వయంగా రాసుకున్నారు, కుక్కను తెచ్చినవారికీ అదే చెప్పారు. ఆయన పేరు చార్జిషీటు సాక్షుల జాబితాలో లేదు. సీఆర్‌పీసీ 311 కింద ఏపీపీ గారు పిటిషన్ వేసి పిలిపించారు. “కుక్కలు క్లినిక్‌లో భయంతో కరవబోతాయి, ఇంట్లో అలా ఉండవు” అని క్రాస్‌లో చెప్పించుకున్నారు డిఫెన్సువారు. అది నిజం కూడా. ఆ కార్డు ఒక్కటే అయితే సరిపోయేది కాదు. సైకిలు సంఘటనతో కలిపి చూస్తే బరువు వచ్చింది.

మూడోది ముద్దాయి తలుపు మీద బోర్డు: ‘కుక్క ఉన్నది జాగ్రత్త’. దీన్ని మేము చూపలేదు, డిఫెన్సే చూపింది, తాము జాగ్రత్త తీసుకున్నామని. మెజిస్ట్రేట్ తీర్పులో దాన్ని రెండో వైపు నుంచి చదివారు. జాగ్రత్తగా ఉండాల్సిన కుక్క అని తెలిసినవాడే ఆ బోర్డు పెడతాడు. పైగా బోర్డు లోపలికి వచ్చేవాడికి హెచ్చరిక. అందరూ నడిచే కారిడార్‌లో పోతున్న మనిషికి అది ఎలా అక్కరకొస్తుంది? టీకాలన్నీ సక్రమంగా వేయించామన్న వాదనకు కూడా ఇదే గతి పట్టింది. టీకా రేబిస్ రాకుండా చేస్తుంది గానీ కరవకుండా చేయదు.

తెలిసి ఉండటం ఎంత దూరం తీసుకెళ్తుందో చూపే కేసు అమెరికాలో ఉంది. 2001 జనవరి 26న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ప్రెసా కనారియో జాతి కుక్కల దాడిలో డయాన్ విపుల్ అనే కోచ్ చనిపోయింది. ఆ కుక్కలను పెట్టుకున్న మార్జొరీ నోలర్ స్వయంగా న్యాయవాది. అంతకుముందు అవి మీదికి దూకిన సంగతులు చెప్పడానికి చుట్టుపక్కలవాళ్లు వరసగా వచ్చారు. కుక్కల గురించి హెచ్చరిస్తూ పశువైద్యుడు రాసిన ఉత్తరం కూడా రికార్డులోకి వచ్చింది. 2007లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, మనిషి ప్రాణానికి ముప్పు ఉందని తెలిసీ లెక్కచేయకపోవడమే అక్కడ కొలమానమని తేల్చింది. ఆ తర్వాత రెండో డిగ్రీ హత్య నేరం నిలబడి ఆమెకు పదిహేనేళ్ల నుంచి జీవితకాలం శిక్ష పడింది. మన 289ని దానితో పోల్చడం తగదు, శిక్షలు ఆమడ దూరం. కానీ సాక్ష్యం పేర్చిన తీరు అదే: పొరుగువాళ్లు, పశువైద్యుడు, ముందు జరిగిన సంఘటనలు.

జాతి సంగతి

విచారణ నడుస్తుండగానే 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. రాట్‌వీలర్ ఆ జాబితాలో ఉంది. ఏపీపీ గారికి దాన్ని రికార్డులో పెట్టాలని ఉంది. వద్దని కోరాను. సంఘటన నాటికి ఆ లేఖ లేదు. పైగా ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అది మా వాదనలోకి వచ్చి ఉంటే కేసు ఆ కుక్క చేసిన పని మీంచి రాట్‌వీలర్ల గుణగణాల మీదికి పోయేది, డిఫెన్సుకు పండగ. 289 జాతి పేరెత్తదు, ఈ జంతువు నుంచి ప్రమాదం ఉందా అనే అడుగుతుంది. ఊరకుక్క పిల్లను తెచ్చి పెంచుకున్నవాడికీ ఇదే బాధ్యత. జాతుల జాబితాలతో మనుషులకు రక్షణ వస్తుందని నేను నమ్మను. గొలుసు పట్టుకున్న చేతిని బాధ్యుణ్ని చేస్తేనే వస్తుంది.

సాక్షులు, రాజీ

ముద్దాయి ఇంట్లో పనిచేసే కుర్రాడు హాస్టైల్ అయ్యాడు, అంటే మాకు ఎదురు తిరిగాడు. కుక్కకు పట్టీ ఉందని, చేపల వాసనకు తెంచుకుని పోయిందని చెప్పాడు. ఊహించిందే. అయితే కుక్క తలుపు దాటి వచ్చిందని, అప్పుడు ముద్దాయి ఇంట్లోనే ఉన్నాడని మాత్రం కాదనలేదు. హాస్టైల్ సాక్షి చెప్పినదంతా తీసిపారేయనక్కర్లేదు, నమ్మదగిన భాగం తీసుకోవచ్చు. ఆ రెండు మాటలూ తీర్పులో పనికొచ్చాయి. చేపల వాదన గురించి ఒక మాట: ఆదివారం పూట మన ఊళ్లలో చేతిలో చేపల సంచి, మాంసం సంచి లేకుండా మెట్లెక్కేవాళ్లు ఎందరు? దానికే తెంచుకుని పోయే కుక్కయితే ఆ ప్రమాదం ఊహించదగ్గదే కదా అని రాతపూర్వక వాదనలో రాశాం.

ఇందులో నా పాత్ర గురించి చెప్పాలి. పోలీసు కేసును నడిపేది ఏపీపీ. బాధితుల న్యాయవాది సీఆర్‌పీసీ 24(8) కింద అనుమతి తీసుకుని సహాయం చేయగలరు. సొంతంగా క్రాస్ చేయడం, వాదించడం కుదరదని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ప్రశ్నలు రాసి ఏపీపీ గారికి అందించడం, చివర్లో రాతపూర్వక వాదన వేయడం, ఇంతే. ఆయన ఓపికగా వినే మనిషి కావడం ఆమె అదృష్టం.

రాజీ ఒత్తిడి చివరిదాకా ఆగలేదు. లోక్ అదాలత్‌లో తేల్చుకోమని ఎన్నోసార్లు కబురొచ్చింది. 338 కోర్టు అనుమతితో రాజీ పడదగ్గదే. 289 కాదు. రాజీకి వీల్లేని నేరం లోక్ అదాలత్ పరిధిలోకే రాదు. ఇరుపక్షాలకూ నిజంగా ఇష్టమైతే హైకోర్టులో 482 కింద కొట్టేయించుకునే దారి ఉంది. ఇవన్నీ ఆమెకు విడమరిచి చెప్పాను. నిర్ణయం ఆమెది. “మొదటి రోజే ఆసుపత్రికి వచ్చి పలకరించినట్టయితే నేను కోర్టు మెట్లెక్కేదాన్నే కాదండీ” అంది.

కుక్కను ఏం చేయాలి

క్రిమినల్ కేసు గెలిచినా కుక్క కారిడార్‌లోనే తిరుగుతుంటే ఆమెకు పని పోయినట్టే. ఇంగ్లండులో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కింద శిక్ష వేసే కోర్టే కుక్క గురించి కూడా ఆదేశించగలదు, ఆ మనిషి మళ్లీ కుక్కను పెంచకుండా నిషేధించగలదు. మన 289లో ఆ అధికారం లేదు. కానీ సీఆర్‌పీసీ 133(1)(ఎఫ్) అని ఒకటుంది, చాలామంది చూడరు. ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని, తరలించమని, అవసరమైతే చంపమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. చంపమని మేము అడగలేదు, ఆమె కూడా వద్దంది. ఆర్డీఓ ముందు కట్టడి కోరుతూ వేశాం. షరతుతో కూడిన ఉత్తర్వు వచ్చాక ముద్దాయి తనే కుక్కను పొలం దగ్గరి షెడ్డుకు పంపేశాడు. క్రిమినల్ కేసులో చార్జిషీటు పడకముందే ఇది తేలింది. పెంపుడు కుక్క కేసు రాగానే స్టేషన్‌తో పాటు ఆర్డీఓ ఆఫీసుకూ వెళ్లాలని అందుకే చెబుతాను.

శిక్ష, పరిహారం

2025 మొదట్లో తీర్పు వచ్చింది. రెండు సెక్షన్ల కిందా నేరం రుజువైంది. శిక్ష మీద వినేటప్పుడు ఏపీపీ గారి ద్వారా మేము ఒక వింత కోరిక కోరాం: జరిమానా వేయవద్దని. 338లోనూ, 289లోనూ జరిమానా వెయ్యికి మించదు. జరిమానా వేస్తే సీఆర్‌పీసీ 357(1) కింద బాధితురాలికి అందులోంచే ఇవ్వాలి, అంటే రెండూ కలిపినా రెండు వేలు. జరిమానా లేకుండా జైలు శిక్ష మాత్రమే వేస్తే 357(3) వర్తిస్తుంది, అక్కడ పరిహారానికి పైపరిమితి లేదు. ఈ అధికారాన్ని ధారాళంగా వాడాలని 1988లో హరిసింగ్ కేసులోను, పరిహారం గురించి ప్రతి కేసులో ఆలోచించి కారణాలు రాయాలని 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. ఆసుపత్రి బిల్లులు, చేయి లేవక పని మానేసిన నెలలు, చెంప మచ్చ అన్నీ లెక్కవేసి ఇచ్చాం. మెజిస్ట్రేట్ రెండు నెలల సాధారణ జైలు, లక్షన్నర పరిహారం విధించారు.

అప్పీలులో సెషన్స్ కోర్టు నేర నిర్ధారణను ఉంచింది. జైలు తీసేసి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మంచి నడవడిక బాండు మీద వదిలింది, అదే చట్టం 5వ సెక్షన్ కింద లక్షన్నర పరిహారాన్ని అలాగే నిలిపింది. మొదటి నేరం, వయసు కారణాలు చూపింది. నేను దీంతో ఏకీభవించను. ప్రొబేషన్ తెలియక తప్పు చేసినవాడికి. ఇతనికి సైకిలు పిల్లాడి తల్లి చెప్పింది, పశువైద్యుడు చెప్పాడు. అయినా రివిజన్ (పై కోర్టులో సవాలు చేయడం) వద్దన్నది ఆమె. డబ్బు అందింది, ఆ అంతస్తుకు భయం లేకుండా వెళ్తోంది, ఇక వాయిదాలు వద్దంది.

2024 జులై 1 నుంచి జరిగిన సంఘటనలకు సెక్షన్లు మారాయి. ఐపీసీ 289 బదులు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291. జైలు అంతే, జరిమానా 5,000 దాకా. 338 బదులు 125(బి), మూడేళ్ల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. మనిషి చనిపోతే 106(1). మామూలు పనులు చేసుకోలేకపోయిన గడువు పాత చట్టంలో 20 రోజులు నిండితేనే తీవ్రమైన గాయం, ఇప్పుడు 116వ సెక్షన్‌లో 15 రోజులు చాలు, కాబట్టి ఎముక విరగకపోయినా ఆసుపత్రి తేదీలు లెక్కపెట్టండి. కాలపరిమితికి ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీనే చూడాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 514లో వివరణ చేర్చారు, మేము డిశ్చార్జి పిటిషన్ దగ్గర పడ్డ తిప్పలు కొత్త కేసులకు ఉండవు. 357(3) ఇప్పుడు 395(3), 133 ఇప్పుడు 152. వాట్సాప్ సందేశాలకు సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ రెండు భాగాలుగా కావాలి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. జరిమానా పెరిగినా పదివేలతో చెంప మీది గాయానికి వైద్యం కాదు, కాబట్టి జరిమానా వద్దని, పరిహారం కావాలని మెమో వేయడం ఇప్పటికీ అవసరమే.